ఏ సినిమాలోదండీ?

నా మల్గీలో మూడు అరలుండేవి. గల్లా పెట్టె వెనకాల, వచ్చినవాడి కంటికి సూటిగా తగిలేది సినిమా అర. ఎడమచేతి వైపు భక్తి. కుడిచేతి వైపు, తలుపు తీస్తే సగం దాని వెనక దాక్కునే మూడో అరలో జానపదాలు, బుర్రకథలు, గజళ్ళు, కవ్వాలీలు, గద్దర్ పాటలు, మిమిక్రీ టేపులు అన్నీ కలగాపులగం. ఖాతా పుస్తకంలో ఆ అరకి నేను పెట్టుకున్న పేరు ‘ఇతరములు’. 1979 నుంచి 2007 దాకా, అబిడ్స్ జీపీఓ దగ్గర్నుంచి నాంపల్లి స్టేషన్ వైపు పోయే రోడ్డు పక్క సందు మొగలో, ఎనిమిదడుగుల మల్గీలో కూచుని ఈ ఊరి చెవులకి మేత వేసినవాణ్ణి నేను. అంచేత పాటల సంగతి నాలుగు మాటలనే హక్కు నాకుంది. వినదలచుకోనివాళ్ళు ఎలాగూ చెవుల్లో ఆ తెల్ల గింజలు దోపుకునే ఉన్నారు.

2023లో ఒక రాత్రి మా మనవరాలు ఫోను చూసుకుంటూ చూసుకుంటూ మంచం మీంచి లేచి, ‘తాతయ్యా, రాజకుమారి ఆల్బమ్ డ్రాప్ అయింది!’ అని కేకేసింది. నేను వంగి మంచం కింద చూశాను. పడిపోవడం కాదట, రావడమట. ఎవరీ రాజకుమారి అంటే, అసలు పేరు శ్వేతా యల్లాప్రగడ రావు, మన తెలుగువాళ్ళ పిల్లే, పుట్టింది కాలిఫోర్నియాలోని క్లేర్‌మాంట్‌లో, శాస్త్రీయ నృత్యం నేర్చుకుని వచ్చి ఇంగ్లీషులో ర్యాప్ పాడుతుందని చెప్పింది. ‘ద బ్రిడ్జ్’ అని ఇది ఆ అమ్మాయి మొదటి ఆల్బమట. మొదటి ఆల్బమ్ అనేసరికి పాత రక్తం ఊరుకుంటుందా? పొద్దున్నే లేచి, కాఫీ తాగి, చొక్కా గుండీలు పెట్టుకుంటూ చెప్పుల దాకా వెళ్ళాక ఆగిపోయాను. ఎక్కడికని వెళ్ళను? ఆల్బమ్ వచ్చింది సరే, ఎక్కడికి వచ్చింది? వచ్చిన చోటికి పోయి చూద్దామంటే చోటేదీ?

మా రోజుల్లో పాటకి చిరునామా ఉండేది. నాంపల్లి స్టేషన్‌లో పార్సిలు దిగేది. 1907లో కట్టిన స్టేషను, పార్సిలాఫీసు గుమాస్తా కూడా అప్పటివాడేనేమో అన్నంత నెమ్మదిగా కదిలేవాడు. రిక్షాలో అట్టపెట్టె వేసుకుని వచ్చి, బ్లేడుతో తాళ్ళు కోసి, మూత తీస్తే కొత్త ప్లాస్టిక్కు వాసన గుప్పున కొట్టేది. బయట గుమ్మానికి వేలాడే పలక మీద సుద్దముక్కతో ‘వచ్చింది’ అని రాసేవాణ్ణి. ఏది వచ్చిందో రాయక్కర్లేదు. ఎదురు చూసేవాళ్ళకి తెలుసు.

రాసి, మొదటి టేపు సీలు చింపి డెక్కులో పెట్టి, స్పీకరు రోడ్డు వైపు తిప్పేవాణ్ణి. సరుకు అంచనా అక్కడే తేలిపోయేది. నడిచేవాడు నడుస్తూ పోతే ఐదు డజన్లకి బదులు రెండు డజన్లు తెప్పించుకోవాలి. నడిచేవాడు ఆగితే హిట్టు. ఎదురుగా ఇరానీ హోటల్లో సాసరులో చాయ్ పోసుకున్నవాడు ఊదడం ఆపి ఇటు తిరిగాడా, ఇక సూపర్ హిట్టు, సాయంత్రానికి సరుకుండదు. ఇప్పుడు పాట కింద అంకెలు వేస్తున్నారు చూడండి, ఇన్ని లక్షల మంది చూశారు, ఇన్ని కోట్ల మంది చూశారని. ఆ కోట్ల మందిలో సాసరు పట్టుకుని తిరిగినవాడు ఒక్కడున్నాడా? నాకు మొహాలు కావాలి. పాట మొదలైన పదో క్షణంలో మొహం ఏమవుతుందో చూసి ధర చెప్పిన వ్యాపారం మాది.

కొత్త టేపులు అమ్మడం కంటే ఖాళీ టేపులు నింపడంలో నాకు పేరొచ్చింది. చట్టం సంగతి అడక్కండి, అప్పట్లో అబిడ్స్‌లో కొట్టున్నవాడెవడూ అడగలేదు. గిరాకీ నోటుబుక్కు కాగితం మీద పదహారు పాటల పేర్లు రాసి తెచ్చేవాడు. అరవై నిమిషాల టేపు, పక్కకి ముప్పై. పాట మధ్యలో టేపు ఐపోయిందంటే ఆ గిరాకీ జన్మలో మళ్ళీ గుమ్మం తొక్కడు. అందుకని ప్రతి పాటకీ నిమిషాలు, సెకన్లు రాసి పెట్టుకున్న పొడుగాటి పుస్తకం నా దగ్గరుండేది. మూడు నిమిషాల పది సెకన్లది ఇక్కడ, నాలుగు నిమిషాలది అక్కడ అని చీట్లాటలా పేర్చి, ఇంకా నిమిషంన్నర మిగిలితే వేణువు ముక్క ఏదో ఒకటి దోపేవాణ్ణి. విషాదం వెనక వెంటనే హుషారు పెట్టకూడదు. మొదటి పక్క చివర గట్టి పాటుండాలి, లేకపోతే తిప్పి పెట్టడానికి ఎవడూ లేవడు. రెండో పక్క మొదలు కొంచెం మెత్తగా ఉండాలి. మా మనవరాలి ఫోనులో ఒక మీటుంది, నొక్కితే పాటలన్నీ చిందరవందర అయిపోతాయి. దానికోసమని ప్రత్యేకంగా మీట పెట్టారు! ఇల్లు సర్దడానికి మనిషిని పెట్టుకున్నాం గానీ చిందర చెయ్యడానికి మనిషిని పెట్టుకోవడం నేనెక్కడా వినలేదు.

అబిడ్స్ అంటే కూడా ఏదో ఇప్పుడు బట్టల షాపుల బోర్డులు చూసి ఇదే అబిడ్స్ అనుకుంటున్నారు పిల్లలు. ఆల్బర్ట్ ఆబిద్ అని ఒక ఆర్మీనియా మనిషి, ఆరో నిజాం మహబూబ్ అలీఖాన్ కొలువులో ఉండి ఇక్కడ కొట్టు పెట్టాడు. ఆ కొట్టు పేరే పేటకి మిగిలింది. ఆ చోటనే తర్వాత ప్యాలెస్ టాకీస్ లేచింది. అంటే ఈ పేటకి మూలపురుషుడు కొట్టువాడు, మావాడు. ఇప్పుడు ప్యాలెసూ లేదు, జమ్రుద్ మహల్ టాకీసూ లేదు. తాజ్‌మహల్ హోటల్లో ఇడ్లీ ఉంది, ఆదివారం ఫుట్‌పాత్ మీద పాత పుస్తకాలున్నాయి, జీపీఓ చౌరస్తాలో నెహ్రూ గారున్నారు. మెట్రో 2018లో వచ్చి నాంపల్లి మీంచి, గాంధీభవన్ మీంచి పోతోంది. అబిడ్స్ పేరుతో స్టేషను మటుకు పెట్టలేదు. ఇంత పాత పేటని పక్కనుంచి తప్పించుకు పోవడమేమిటో నాకర్థం కాదు. సరే, అది వేరే ఏడుపు.

ఆల్బమ్ మాటకొస్తాను. తెలుగువాడికి పాటంటే సినిమా పాట. కొత్త పాట చెవిన పడగానే నోట్లోంచి వచ్చే మొదటి ప్రశ్న బాగుందా, ఎవరు పాడారు, ఎవరు రాశారు అని కాదు. ‘ఏ సినిమాలోదండీ?’ ఇరవై ఎనిమిదేళ్ళలో ఈ ప్రశ్న నేనెన్ని వేల సార్లు విన్నానో లెక్క లేదు. తండ్రి పేరు చెప్పందే పిల్లని బళ్ళో చేర్చుకోనట్టు, సినిమా పేరు చెప్పందే పాటని ఇంట్లోకి రానివ్వరు.

మా నాన్న కాలంలో ఇంత లేదు. రేడియోలో లలిత గీతాలుండేవి, రావు బాలసరస్వతీదేవి పాడితే ఏ సినిమాలోదని అడిగినవాడు లేడు. ‘ప్రైవేటు రికార్డు’ అని ఒక జాతి ఉండేది. కరుణశ్రీ గారి ‘పుష్పవిలాపం’ పద్యాలు ఘంటసాల గొంతులో ఇంటింటికీ వెళ్ళింది ఆ దారినే. 1974లో ఘంటసాల పోయాక బయటికొచ్చిన భగవద్గీత నా భక్తి అరలో ఎప్పుడూ తరగని సరుకు. మీకు నవ్వొస్తుందేమో గానీ, లెక్క ప్రకారం అదీ ఆల్బమే. సినిమా లేదు, హీరో లేడు, పాడినవాడి పేరు మీదే అమ్ముడుపోయింది. సుబ్బులక్ష్మి గారి సుప్రభాతమూ అంతే, ఎమ్మెస్ రామారావు గారి సుందరకాండా అంతే. కాకపోతే వీటికి వెనక దేవుడున్నాడు. దేవుడూ లేక, సినిమా హీరో కూడా లేక, వట్టి మనిషి పేరు మీద పాట అమ్మాలంటే? అక్కడే తెలుగు కొట్టువాడి గుండె జారేది.

హిందీ వాళ్ళకి ముందే అలవాటైంది. 1981లో ‘డిస్కో దీవానే’ వచ్చినప్పుడు చూడాలి అబిడ్స్‌ని. నాజియా హసన్ అని పదిహేను, పదహారేళ్ళ పాకిస్తానీ పిల్ల. అంతకు ముందేడు ‘కుర్బానీ’లో ఒక్క పాటతో దేశమంతా ఊపేసింది. ఆ పాట కట్టిన బిడ్డూ మన బెంగళూరు మనిషే. ఆ పిల్ల మొదటి ఆల్బమ్‌కీ ఆయనే చెయ్యేశాడు. మా నాన్న ఒక రోజు కొట్టుకొచ్చి అరగంట కూచుని, అది విని, ‘ఆ అమ్మాయి పాడుతోందా, ఎవరైనా నిద్రలో పలవరిస్తున్నారా?’ అని లేచి వెళ్ళిపోయాడు. నేను నవ్వుకున్నాను. పెద్దవాళ్ళింతే అనుకున్నాను. అప్పుడు నాకు ముప్పై లోపు.

తర్వాత కొన్నాళ్ళు సద్దుమణిగి, 1995లో అదే బిడ్డూ చేతి మీదుగా ఆలీషా ‘మేడ్ ఇన్ ఇండియా’ వచ్చింది. దాని వెంటే దలేర్ మెహందీ, ఆ మరుసటేడు మన మహమూద్ కొడుకు లక్కీ అలీ, 1997లో రెహమాన్ ‘వందేమాతరం’. టీవీ డబ్బాలోంచి దూకినట్టు వచ్చి పడ్డారు. మూడో అర నిండిపోయి పొర్లింది. తెలుగులో రమణ గోగుల ‘ఏ లైలా’ అంటూ పాప్ ఆల్బమ్ చేసి, ఆ వెంటనే సినిమాల్లోకి దాటిపోయాడు. దాటిపోక ఏం చేస్తాడు? సినిమా అర కంటికెదురుగా ఉంది, ఇతరములు తలుపు వెనక ఉంది.

అలాంటి రోజుల్లో, 2000 ప్రాంతంలో, ఒక డిస్ట్రిబ్యూటరు తాలూకు కుర్రాడు భుజాన సంచీ వేసుకుని మధ్యాహ్నం మూడింటికి వచ్చాడు. ఎండకి మొహం కమిలిపోయి ఉంది. నీళ్ళు తాగి, సంచీలోంచి ఒక టేపు తీసి గల్లా మీద పెట్టాడు. ‘హాయ్ రబ్బా’.

‘హిందీయా?’ అన్నాను.

‘తెలుగేనండీ. స్మిత అని, విజయవాడ అమ్మాయి.’

‘ఏ సినిమాలోది?’

అడిగేశాను. ఇరవై ఏళ్ళుగా గిరాకీల మీద విసుక్కున్న మాటే నా నోట్లోంచి జారింది. కుర్రాడు రోజుకి వంద కొట్లు తిరిగి అదే ప్రశ్న వింటున్నవాడిలా, ‘సినిమా లేదండీ, పాప్’ అన్నాడు.

‘పాపో, పాపమో, అర ఏదయ్యా దీనికి? పేరు పంజాబీ, పాట తెలుగు, బొమ్మ మీద హీరో లేడు. దేవుడి పక్కన పెట్టనా, గద్దర్ పక్కన పెట్టనా?’

‘పది తీసుకోండి సార్, పోకపోతే వెనక్కి తీసుకుంటా’ అన్నాడు. వెనక్కి తీసుకుంటానన్న మాట ఈ వ్యాపారంలో ఎంతమంది నిలబెట్టుకున్నారో నాకు తెలుసు గనక ఐదే తీసుకున్నాను. మూడో అరలో, కవ్వాలీలకీ మిమిక్రీకీ మధ్య సందు చేసి దోపాను. ఖాతాలో ‘ఇతరములు 5’.

వారం రోజులు ఎవరూ అడగలేదు. నేను కుర్రాణ్ణి మనసులో తిట్టుకుంటున్నాను. ఆ తర్వాత టీవీలో కనబడిందేమో, ఒక సాయంత్రం ఎగ్జిబిషన్ గ్రౌండ్స్‌లో ఉన్న వనితా కాలేజీ నుంచి నలుగురు ఆడపిల్లలు వచ్చి, లోపలికి రాకుండా గుమ్మం దగ్గరే నిలబడి, ‘అంకుల్, హాయ్ రబ్బా ఉందా?’ అన్నారు. సినిమా పేరు కాదు, హీరో పేరు కాదు. ఆల్బమ్ పేరుతో అడిగారు. టేపు ముప్పై రూపాయల ప్రాంతంలో ఉండేది. నలుగురూ చిల్లర పోగేసుకుని ఒకటి కొన్నారు. ఎవరింటికి ముందు తీసుకెళ్ళాలని మెట్ల మీదే తగువు. ఆ తగువు చూసి నేను ఫోను తీసి కుర్రాడికి రెండు డజన్లు చెప్పాను.

స్మిత ఈటీవీ ‘పాడుతా తీయగా’లో బాలు గారి ముందు పాడిన అమ్మాయని కబురు పాకాక పెద్దవాళ్ళూ మొదలెట్టారు. బాలు గారి దగ్గర పాడిందంటే ఇక పరీక్ష పాసైనట్టే కదా. పెన్షనర్ ఒకాయన, రోజూ పబ్లిక్ గార్డెన్స్‌లో నడిచి, బాగ్-ఎ-ఆమ్ అని పాత పేరుతోనే పిలిచే మనిషి, కీర్తనలుంటాయనుకుని ఒకటి కొని తీసుకెళ్ళాడు. మర్నాడు పొద్దున నేను షట్టర్ ఎత్తుతుండగానే చేతిలో టేపుతో నిలబడి ఉన్నాడు.

‘ఇది పాడైపోయిందండీ. లోపలేదో టకటకా కొట్టుకుంటోంది.’

డెక్కులో పెట్టి విన్నాను. ‘అది డ్రమ్మండీ’ అన్నాను.

‘పాట పొడుగూతానా?’

‘పొడుగూతా.’

ఆయన కాసేపు ఆలోచించి, ‘అమ్మాయి గొంతు మంచిదే. ఆ కొట్టుకునేది ఆపి ఇస్తారా?’ అని అడిగాడు. ఆ ఆల్బమ్ మీద నేను విన్న విమర్శల్లో నిజాయితీ గలది అదొక్కటే. మిగతావాళ్ళు వినకుండానే తిట్టారు. పేరులో రబ్బా ఏమిటి, మన దేవుళ్ళు లేరా అన్నారు. ఆడపిల్ల ఎగురుతూ పాడడమేమిటి అన్నారు. ఇవే మాటలన్న పెద్దమనిషి కొడుకు గంట తర్వాత వచ్చి ఒకటి జేబులో పెట్టుకుపోయాడు. నేనూ తక్కువ తినలేదు. గల్లా దగ్గర కూచుని ‘ఎక్కడ లలిత గీతం, ఎక్కడ ఈ దూకుడు’ అని వచ్చినవాళ్ళందరి దగ్గరా సణుగుతూనే, వాళ్ళు వెళ్ళగానే ఎన్ని పోయాయో లెక్క రాసుకునేవాణ్ణి. మా నాన్న పలవరింత మాట గుర్తొచ్చిందా అంటే, రాలేదు. సణిగేటప్పుడు గుర్తురాదు.

మొత్తానికి నా ఒక్క మల్గీలో నలభై పైచిలుకు పోయినట్టు ఖాతా చెబుతోంది. మీకిది నవ్వులాట అంకె. ఈ రోజు ఎవరో అమ్మమ్మ ఫోను మీద చెయ్యి జారినా నలభై వస్తాయి. కానీ నా నలభై మందిలో చాలామంది మొహాలు నేను చెప్పగలను. ఒకాయన కూతురి పెళ్ళికి ముందు రోజు కొన్నాడు. ఒకడు ఉద్దెర పెట్టి ఎగ్గొట్టాడు, వాణ్ణి ఇప్పటికీ మోజంజాహీ మార్కెట్ దగ్గర చూస్తుంటాను, మొహం తిప్పుకుంటాడు.

పాటకి ముసలితనం వస్తే అందరూ ముద్దు చేస్తారు. 1973లో ‘దేవుడు చేసిన మనుషులు’లో ఎల్.ఆర్. ఈశ్వరి పాడిన క్లబ్బు పాట ఉంది చూశారూ, అది వచ్చినప్పుడు మా ఇంట్లో రేడియో గొంతు నొక్కేసేవారు. తర్వాత ఎప్పటికో అదే పాటని స్మిత కొత్త దరువు వేసి పాడితే, రేడియో నొక్కిన చేతులే నుదురు కొట్టుకుని, ‘ఆణిముత్యం లాంటి పాటని పాడు చేశారు’ అన్నాయి. క్లబ్బు పాట ఆణిముత్యం ఎప్పుడైందో ఎవరూ గమనించినట్టు లేదు. ఇరవై, ముప్పై ఏళ్ళు నీళ్ళలో ఉంటే గులకరాయి కూడా నున్నబడుతుంది.

నా కొట్టుని చంపింది పాప్ కాదు. ఒకే సీడీలో నూట యాభై పాటలని ఫుట్‌పాత్ మీద గుట్టలు పోసి అమ్మారే, అది చంపింది. ముప్పై రూపాయలకి పది పాటలు అడిగేవాడు, ముప్పై రూపాయలకే నూట యాభై వస్తుంటే నా గుమ్మం ఎందుకెక్కుతాడు? నూట యాభైలో నూట నలభై వినలేదు, అది వేరే సంగతి. 2007 దసరా ముందు మల్గీ ఖాళీ చేశాను. పగ్డీ కింద నేనిచ్చిన డబ్బు సగమే వెనక్కొచ్చింది. ఇప్పుడక్కడ ఫోన్లకి అద్దాలు అతికిస్తున్నారు.

ఇప్పటి పిల్లల గురించి ఒక మాట ఒప్పుకోవాలి, ఇష్టం లేకపోయినా. 2021లో మోహన భోగరాజు పాడిన ‘బుల్లెట్టు బండి’ వచ్చింది. మంచిర్యాల వైపు ఒక పెళ్ళికూతురు దానికి నాట్యం చేస్తే రాష్ట్రమంతా చూసింది. సినిమా పాట కాదు. ఎవరూ అడగలేదు కూడా ఏ సినిమాలోదని. పల్లె పాటలు, పెళ్ళి పాటలు ఫోనుల్లో లక్షలు, కోట్లు తిరుగుతున్నాయి. నేను తలుపు వెనక దాచిన మూడో అర ఊరి నడిబొడ్డుకొచ్చి కూచుంది. ఇరవై ఏళ్ళు ముందొచ్చి ఉంటే నా బతుకు బాగుపడేది. కానీ సినిమా పేరు అడగనివాళ్ళు పాడినవాళ్ళ పేరూ అడగడం మానేశారే! మా ఇంట్లో వరసకి ముగ్గుర్ని అడిగాను, ‘అదెవరు పాడారు?’ అని. ముగ్గురూ ఫోను తీశారు. నోటికి రాలేదు. నా మూడో అర గిరాకీలు చదువు రానివాళ్ళు కూడా పాడినవాళ్ళ పేరు చెప్పి టేపు అడిగేవారు. పేరు తప్పు పలికితే నేను దిద్దేవాణ్ణి, దిద్దితే కోపగించుకుని, మరీ గట్టిగా తప్పు పలికేవారు. పాట మీద అంత హక్కు.

మొన్న అటక దులుపుతుంటే పాత అట్టపెట్టెలో ఒక ‘హాయ్ రబ్బా’ దొరికింది. సీలు కూడా తియ్యలేదు. మనవరాలు పైనా కిందా తిప్పి చూసింది. ఈ స్మిత గారంటే దానికి ‘నిజం’ అని ఓటీటీలో సినిమా వాళ్ళని కూచోబెట్టి మాట్లాడించిన ఆవిడగానే తెలుసు. ‘ఆవిడ పాడేవారా?’ అంది. ఆ మాటకి నాకు కోపమెందుకొచ్చిందో తెలీదు. నేనా అమ్మాయి టేపుని కవ్వాలీల పక్కన దోపినవాణ్ణి. అయినా కోపమొచ్చింది. ‘పద’ అన్నాను.

ఆదివారం. అబిడ్స్ ఫుట్‌పాత్ మీద పుస్తకాల గుట్టల అంచున, పాత రిమోట్లు, కాలిక్యులేటర్లు పరుచుకుని కూచునే ఒక ముసలాయన దగ్గర చిన్న టేప్ రికార్డరు కనబడింది. ‘చల్తా?’ అంటే, ‘బెల్ట్ డాల్నా సాబ్’ అన్నాడు. రెండొందలన్నాడు, నూట ఇరవైకి ఒప్పుకున్నాడు. రబ్బరు బెల్టు ఆయన దగ్గరే డబ్బాలో దొరికింది, ఐదు రూపాయలు. బేరం ఐపోయాక ఆయన నా చేతిలో టేపు తీసుకుని కళ్ళకి దగ్గరగా పెట్టుకున్నాడు. ఏమడుగుతాడో నాకు తెలుసు. ‘కౌన్సీ పిక్చర్ కా?’ అన్నాడు. నేను జవాబు చెప్పలేదు.

ఇంటికొచ్చి వరండాలో పాత దినపత్రిక పరిచాను. సీలు గోటితో గీకి తీశాను. ఇన్నేళ్ళు కదలని టేపు కదా, నేరుగా పెడితే నమిలేస్తుంది. మంచి టేపులకి నాలుగు మూలలా, మధ్యలో ఒకటి, ఐదు స్క్రూలుంటాయి. చవక వాటికి ఉండవు, అతికేసి ఉంటాయి, విరగ్గొట్టాల్సిందే. దీనికి ఐదూ ఉన్నాయి. మనవరాలి చేత ఒక్కో స్క్రూ మూతలో వేయించాను. లోపల చిన్న రాగి రేకు మీద ఉండాల్సిన బూడిదరంగు ఉన్ని ముక్క, మినపగింజంత, ఊడిపోయి కింద పడి ఉంది. అది లేకపోతే టేపు హెడ్డుకి ఆనదు, గొంతు నీళ్ళలోంచి వచ్చినట్టు వస్తుంది. జిగురు చుక్క అగ్గిపుల్ల కొసతో పెట్టి, ఊపిరి బిగబట్టి అతికించాను. చెయ్యి వణికింది. మనవరాలు ఫోను కింద పెట్టి నా వేళ్ళకేసే చూస్తోంది. దాని చేతిలో ఫోను లేకుండా ఇంతసేపు నేనెప్పుడూ చూడలేదు. పెన్సిలుతో అటు పదిసార్లు, ఇటు పదిసార్లు తిప్పి వదులు చేశాను. దూదికి స్పిరిట్ అద్ది హెడ్డు తుడిచాను. పెట్టి, మూత వేసి, మీట నొక్కాను.

చక్రాలు తిరుగుతున్నాయి. టేపు మొదట్లో పాట ఎక్కని తెల్ల ముక్క కొంచెం ఉంటుంది, అది దాటాలి. ఆ తర్వాత సన్నగా సర్రుమని గాలి చప్పుడు. మనవరాలు నా మొహంలోకి చూసింది.

‘లోడ్ అవుతోందా తాతయ్యా?’

‘ఆఁ, అవుతోంది, ఆగు’ అన్నాను.